ట్రక్‌ని బగ్గీ చేసిన కేసు: ఆర్మ్ పొట్టిదైతే దాని వెనక ఏమేం మారాలి

బెంగళూరులో ఆర్‌సీ బళ్ళ, అంటే రిమోట్‌తో నడిపే చిన్న మోడల్ బళ్ళ రిపేరు, సెటప్ పని చేస్తుంటాను. నా బెంచి మీదకి వచ్చేవాటిలో ఎక్కువ విరిగిన ఆర్మ్‌లు, కాలిపోయిన మోటార్లు, నీళ్ళు పోయిన రిసీవర్లే, వాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఈ కేసు మాత్రం రాసిపెట్టాలి అనిపించింది. ట్రక్‌ని (వెడల్పు ఎక్కువ, టైర్లు పెద్దవి) బగ్గీ (వెడల్పు తక్కువ, టైర్లు చిన్నవి) చేద్దాం అనుకునేవాళ్ళు దాదాపు అందరూ ముందు టైర్లు, బాడీ కొంటారు. అసలు మార్పు ఉండేది సస్పెన్షన్ ఆర్మ్, అంటే చక్రాన్ని ఛాసీకి కలిపే చెయ్యి, దాని పొడవులో. అది మారిందంటే స్ప్రింగు, షాక్ ఆయిలు, డ్రైవ్ షాఫ్టు, స్టీరింగ్ లింకు అన్నీ దాని వెనకే మారాలి, ఒక్కటి వదిలేసినా బండి మాట వినదు. ఓనర్‌ని అడిగే రాస్తున్నా, పేరు, ఏరియా, బండి మోడల్ రాయట్లేదు.

బండి, ఓనర్, ట్రాక్

ఓనర్ ఐటీలో పనిచేసే మన తెలుగు కుర్రాడు. బండి పదో వంతు స్కేల్ స్టేడియం ట్రక్, వెనక చక్రాలకే డ్రైవ్, మోటార్ వెనక యాక్సిల్‌కి ఇంకా వెనక పక్కన ఉంటది. 550 సైజు బ్రష్డ్ మోటార్, 2ఎస్ లైపో బ్యాటరీ, అంటే రెండు సెల్స్, 7.4 వోల్ట్. ట్రక్ టైర్లతో కొలిస్తే టైర్ల బయటి అంచు నుంచి అంచుకి 325 ఎంఎం వెడల్పు, టైరు ఎత్తు 95 ఎంఎం.

ఆదివారాలు వాళ్ళ గుంపు ఊరి చివర ఒక ఖాళీ లేఔట్‌లో ఎర్రమట్టి చదును చేసి ట్రాక్ వేసుకుని తిప్పుతారు. మలుపులు ఇరుకు, మధ్యలో రెండు జంపులు. మిగతావాళ్ళవన్నీ బగ్గీలు. వెడల్పు 250 ఎంఎం దాటకూడదని వాళ్ళే రూల్ పెట్టుకున్నారు, పదో వంతు బగ్గీలకి అంతర్జాతీయ రేసుల్లో ఉండే రూలు కూడా అదే. కాబట్టి ఇతను ట్రక్‌తో వెళ్తే తిప్పుకోవచ్చు గానీ రేసులో నిలబడలేడు.

ఈ మార్పిడి వింత పనేం కాదు, చాలా ట్రక్కులు పుట్టిందే బగ్గీల్లోంచి. టామియా ఫ్రాగ్ బగ్గీ 1983లో వచ్చింది, దాని ఛాసీ మీదే 1986లో బ్లాక్‌ఫుట్ ట్రక్ వచ్చింది. టీమ్ అసోసియేటెడ్ వాళ్ళ ఆర్‌సీ10 బగ్గీ 1984ది, దాని నుంచే తర్వాత ఆర్‌సీ10టీ ట్రక్ చేశారు. ట్రాక్సస్‌లో రస్ట్లర్ ట్రక్, బ్యాండిట్ బగ్గీ ఇప్పటికీ అన్నదమ్ముల్లాంటి బళ్ళే. ఇలాంటి స్టేడియం ట్రక్కుల్లో కంపెనీలు చేసింది బగ్గీ ఆర్మ్‌ని పొడిగించడం, మనం వెనక్కి నడుస్తున్నాం అంతే. వెనక్కి నడిచేటప్పుడు వాళ్ళు మార్చిన ప్రతి చిన్నదీ మనమూ వెనక్కి మార్చాలి, తేడా వచ్చేది అక్కడే.

ఏ సమస్యతో వచ్చాడు

"అన్నా, బగ్గీ వీల్స్ వేశా, బాడీ కూడా వేశా, అయినా వెడల్పు తగ్గలా. పైగా జంప్ దిగితే బంతిలా ఎగురుతోంది, ఒకసారి చూడవా" అని తెచ్చాడు.

చూస్తే ఆర్మ్‌లు ట్రక్‌వే ఉన్నాయి. టైరు సన్నబడటం వల్ల వెడల్పు 305కి వచ్చింది, ఇంకా 55 తగ్గాలి. బగ్గీ టైరు ఎత్తు 85 ఎంఎం, కాబట్టి బండి మొత్తం 5 ఎంఎం కిందకి దిగింది, ఛాసీ నేలకి రాసుకుంది. దానికి ఇతను చేసిన పని ఏంటంటే షాకులకి స్పేసర్లు పెట్టి స్ప్రింగులు బాగా బిగించాడు, బండి లేచింది. లేచింది గానీ డ్రూప్, అంటే చక్రం కిందకి వేలాడే జాగా, పోయింది. బండిని బెంచి మీద పెట్టి వెనక భాగం చేత్తో పట్టుకుని నెమ్మదిగా ఎత్తితే చక్రాలు కొంచెం సేపు నేలనే అంటిపెట్టుకుని ఉండాలి, ఇక్కడ చెయ్యి కదలగానే చక్రాలు కూడా లేచిపోతున్నాయి. గతుకులో చక్రం కిందకి దిగడానికి చోటే లేదన్నమాట. అందుకే ఎగురుతోంది. ఎగురుతోందని షాక్ ఆయిలు 30 వెయిట్ తీసి 50 పోశాడు (అంకె పెరిగితే ఆయిలు చిక్కన), దాంతో ఎగరడం ఆగలేదు, బండి గతుకుల మీద రాయిలా గట్టిగా కొట్టుకోవడం కూడా మొదలైంది.

ఫోరాల్లోనూ వీడియోల్లోనూ "ఎగిరితే ఆయిలు చిక్కగా చెయ్యి" అని ఒక్క ముక్కలో చెప్తారు, అది సగం మాటే. ఎగరడానికి కారణం డ్యాంపింగ్ (ఆయిలు ఊగడాన్ని ఆపడం) చాలకపోవడమా, స్ప్రింగు గట్టిదవడమా, డ్రూప్ లేకపోవడమా అని ముందు తేల్చుకోవాలి, మూడింటికీ మందు వేరు.

మార్చాలా, అమ్మాలా

పని మొదలుపెట్టే ముందు నేను అతనికి చెప్పిన మొదటి మాట, ఇది అమ్మేసి బగ్గీ కొనుక్కో అని. పార్ట్‌లు బయట నుంచి తెప్పించాలి, కస్టమ్స్ పడుతుంది, అంతా కలిపితే కొత్త బగ్గీ ధరలో సగం దాటుతుంది, దాటింది కూడా. కానీ రేడియో, ఈఎస్‌సీ (మోటార్ స్పీడు కంట్రోలర్), మోటార్, బ్యాటరీలు అన్నీ మంచి కండిషన్‌లో ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లో వాటికి వచ్చేది తక్కువ, పైగా అతనికి బండి లోపల ఏం జరుగుతుందో నేర్చుకోవాలని ఉంది. సరే అన్నాను, ఒక్క కండిషన్ మీద. ఛాసీ కోయను, ట్రక్ ఒరిజినల్ పార్ట్ ఒక్కటి కూడా కోయను, అన్నీ విప్పి బిగించేవే ఉండాలి, రేపు మనసు మారితే మళ్ళీ ట్రక్ అవ్వాలి. ఈ కండిషన్ తర్వాత ఒక చోట మమ్మల్ని కాపాడింది, కింద చెప్తా.

ఆర్మ్‌లకి మూడు దారులు ఉన్నాయి. ఒకటి, అదే ఛాసీ మీద వచ్చే బగ్గీ తాలూకు ఆర్మ్‌లు తెప్పించడం. రెండు, పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో ఏదైనా మెషిన్ షాపులో డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ దిమ్మ నుంచి కట్ చేయించడం. మూడు, 3డీ ప్రింట్. రెండోది వెంటనే వదిలేశాం. ఆర్మ్ బయటి ఆకారం కోయడం కష్టం కాదు, హింజ్ పిన్ (ఆర్మ్ తిరిగే ఇరుసు) కోసం 3 ఎంఎం రంధ్రం ఆ వెడల్పు పొడుగునా వంకర లేకుండా వెయ్యడం కష్టం. సన్నటి డ్రిల్ బిట్ లోపలికి వెళ్ళేకొద్దీ పక్కకి పోతుంది, రంధ్రం కాస్త వంకరైనా ఆర్మ్ బిగుసుకుంటుంది. నాలుగు ఆర్మ్‌ల కోసం ఫిక్చర్ చేయించే ఖర్చుకి ఒరిజినల్‌వే వస్తాయి.

మొదటిది ఆర్డర్ పెట్టాం. వచ్చేలోగా మూడోదాన్ని మోడల్ కోసం వాడుకుందాం అనుకున్నాం, అంటే కొలతలు సరిపోతున్నాయా, ఇంకేం అడ్డం పడుతున్నాయా చూసుకోవడానికి. 3డీ ప్రింట్ ప్లాస్టిక్‌లలో పీఎల్‌ఏ వద్దని పీఈటీజీలో ప్రింట్ చేయించాం. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఏప్రిల్‌లో ఎండలో పార్క్ చేసిన కారు డిక్కీలో బండి పెడితే సాయంత్రానికి ఆర్మ్ వంగిపోయి ఉండొచ్చు.

పనిచెయ్యనివి

ప్రింట్ ఆర్మ్‌లు మొదటి ఆదివారమే పోయాయి. ఫ్లాట్‌గా నెమ్మదిగా తిప్పుకోమన్నా, ట్రాక్ ఎదురుగా ఉంటే ఎవరు ఆగుతారు, జంప్ ఎక్కించాడు. వెనక ఎడమ ఆర్మ్ హింజ్ దగ్గర పొర వెంట నిలువునా విడిపోయింది. ముక్కని చూస్తే పొరలు పొరలుగా పుస్తకం పేజీల్లాగా శుభ్రంగా విడింది, ప్లాస్టిక్ ఎక్కడా సాగలేదు. ఒరిజినల్ నైలాన్ ఆర్మ్ అయితే దెబ్బకి వంగి మళ్ళీ లేస్తుంది. ఇన్‌ఫిల్ (లోపలి నింపుడు) పెంచినా, గోడ మందం పెంచినా పొరల మధ్య అతుకే బలహీనమైన చోటుగా మిగులుతుంది కాబట్టి రెండోసారి ప్రింట్ చేయించలేదు.

కానీ విరిగేలోపు ఆ ఆర్మ్‌లు ఒక మంచి పని చేశాయి, డ్రైవ్ షాఫ్ట్ సంగతి బయటపెట్టాయి. ఈ బండికి వెనక ఉండేవి టెలిస్కోపిక్ షాఫ్టులు, ఒక ముక్క ఇంకో ముక్కలోకి జారుతుంది. ఆర్మ్ పొట్టిదైంది, షాఫ్టు ట్రక్‌దే. షాకుల నుంచి స్ప్రింగులు తీసేసి, ఆర్మ్‌ని ఒక్క వేలితో కింద నుంచి పైకి లేపుతూ, ఇంకో చేత్తో చక్రం తిప్పుతూ చూశాను. కింద ఉన్నప్పుడు వదులుగానే ఉంది, ఆర్మ్ నేలకి సమాంతరంగా వచ్చే చోట ఠక్కుమని ఆగింది, చక్రం తిప్పితే గరగరమని తగులుతోంది. షాఫ్టు లోపలి ముక్క చివరిదాకా వెళ్ళి తన్నుతోంది. ఇలాగే నడిపితే జంప్ దిగిన ప్రతిసారీ ఆ దెబ్బ నేరుగా గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది.

"లోపలి ముక్క 8 ఎంఎం కోసేద్దాం అన్నా, ఐదు నిమిషాల పని" అన్నాడు. కోస్తే పైన తన్నడం ఆగుతుంది నిజమే. కానీ చక్రం పూర్తిగా కిందకి వేలాడినప్పుడు ఒక ముక్క ఇంకో ముక్కలో ఎంత లోతు ఉంటుందో కొలిచి చూపించా. ఆ పట్టులోంచి 8 తీసేస్తే మిగిలేది జంప్ మీద ఫుల్ థ్రాటిల్ టార్క్‌కి చాలదు, పళ్ళు ఒలిచేసుకుంటాయి. పైగా కోస్తే ట్రక్‌కి తిరిగి వాడుకోలేం. కోయకూడదనే కండిషన్ ఇక్కడే పనికొచ్చింది, ఆర్డర్‌లో బగ్గీ షాఫ్టులు కూడా చేర్చాం.

ఆర్మ్‌లు వచ్చాక, అసలు కథ

బగ్గీ ఆర్మ్‌లు, షాఫ్టులు బిగించాం, వెడల్పు 249కి వచ్చింది. ట్రక్ షాకులు, స్ప్రింగులే ఉంచాం, ప్రీలోడ్ స్పేసర్లు తీసేశాం, ఆయిలు 40 వెయిట్ పోశాం. డ్రూప్ తిరిగొచ్చింది, ఎగరడం తగ్గింది, అయినా బండి గతుకుల్లో గట్టిగానే ఉంది. అతనికి ఇది అర్థం కాలేదు, అవే స్ప్రింగులు, ట్రక్‌గా ఉన్నప్పుడు మెత్తగా ఉండేవి కదా అన్నాడు. ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించిన చోటు ఇదే కాబట్టి లెక్కతో రాస్తా.

హింజ్ పిన్ నుంచి టైరు మధ్యకి దూరం ట్రక్‌లో 107 ఎంఎం. షాక్ కింది చివర పిన్ నుంచి 60 దగ్గర ఉంది. అంటే చక్రం 1 ఎంఎం కదిలితే షాక్ 0.56 కదులుతుంది. బగ్గీ ఆర్మ్‌లో చక్రం దూరం 80, షాక్ 52 దగ్గర. ఇప్పుడు 1 ఎంఎంకి 0.65. చూడ్డానికి చిన్న తేడాలా ఉంది, కానీ చక్రం దగ్గర తగిలే గట్టిదనం ఈ నిష్పత్తి వర్గం మీద ఆధారపడుతుంది, ఎందుకంటే చక్రానికి షాక్ మీద పట్టు కూడా తగ్గుతుంది, షాక్ కదలాల్సిన దూరం కూడా పెరుగుతుంది, రెండూ గుణించుకుంటాయి. 0.56 వర్గం 0.31, 0.65 వర్గం 0.42. అదే స్ప్రింగు, ఒక్క చుట్టు కూడా మార్చలేదు, చక్రం దగ్గర మూడో వంతుకి పైగా గట్టిదైపోయింది. ఆయిలు డ్యాంపింగ్‌కి కూడా ఇదే లెక్క. పైగా టైర్లు చిన్నవయ్యాయి, మొత్తం బండి తేలికైంది. అంటే తేలికైన బండి మీద ఇంకా గట్టి సస్పెన్షన్ పెట్టినట్టు.

దీన్నిబట్టి స్ప్రింగులు ఒక మెట్టు మెత్తవి వేశాం, ఆయిలు 30కి దించాం, అంటే అతను మొదట్లో తీసేసిన వెయిట్‌కే తిరిగొచ్చాం. స్ప్రింగ్ మార్చకుండా ఆయిలొక్కటే మార్చి చూద్దాం అని కూడా ఒకసారి ప్రయత్నించాం, వెనక భాగం దిగాక రెండు మూడుసార్లు ఊగింది, ఆగలేదు. గట్టి స్ప్రింగుకి పల్చటి ఆయిలు పడదు, రెండూ కలిసి దిగాలి.

ఇంకో చిక్కు. షాక్ మొత్తం కదలిక 25 ఎంఎం. ట్రక్‌లో ఆ 25, 60 ఎంఎం చేతి మీద తిరుగుతుంది, బగ్గీలో 52 మీద. చక్రం కదిలే దూరం తగ్గింది గానీ ఆర్మ్ తిరిగే కోణం పెరిగింది, సుమారు 24 డిగ్రీల నుంచి 28 డిగ్రీల దాకా. దాంతో చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు షాఫ్టు కీళ్ళ దగ్గర కోణం ఎక్కువై, గాల్లో థ్రాటిల్ వేస్తే టకటకమని చప్పుడు. షాక్ లోపల, పిస్టన్ కింద, షాక్ కడ్డీ మీద 3 ఎంఎం స్పేసర్ వేసి షాక్ అంతకంటే సాగకుండా ఆపాం. చప్పుడు పోయింది. ఇది మర్చిపోయి నడిపేవాళ్ళు చాలామంది, యూనివర్సల్ జాయింట్ అరిగాక వస్తారు.

స్టీరింగ్ లింకులు మాత్రం ఊహించినంత ఇబ్బంది పెట్టలేదు. కొత్త పొడవుకి టర్న్‌బకిల్స్ (తిప్పి పొడవు మార్చుకునే లింకులు) బిగించి, ముందు భాగం నొక్కి వదులుతూ చక్రాలు లోపలికి, బయటికి తిరుగుతున్నాయా చూశాం. నొక్కినప్పుడు కొంచెం బయటికి తెరుచుకుంటున్నాయి. బాల్ స్టడ్ కింద ఒక వాషర్ వేస్తే చాలావరకు పోయింది. బగ్గీ ఫ్రంట్ వీల్స్ కొనేవాళ్ళకి ఒక మాట, ఈ రకం టూ వీల్ డ్రైవ్ బళ్ళలో ముందు హెక్స్ (చక్రం కూర్చునే ఆరు మూలల బిళ్ళ) ఉండదు, బేరింగ్ నేరుగా రిమ్‌లోనే కూర్చుంటుంది, కాబట్టి 2.2 ఇంచి అని చూసి కొంటే సరిపోదు, బేరింగ్ సైజు కూడా కలవాలి. మా కుర్రాడు మొదట కొన్న జత అలాగే పక్కన పడుంది. లోపల 5, బయట 11, మందం 4 ఎంఎం ఉన్న బేరింగులైతే ఇక్కడే ఎస్పీ రోడ్డు షాపుల్లో దొరికాయి.

గేరింగ్

టైరు చిన్నదైతే బండి స్పీడు తగ్గుతుంది, ఇది అందరికీ తెలిసిందే, ఎన్ని పళ్ళ పినియన్ (మోటార్ మీద ఉండే చిన్న గేరు) వెయ్యాలో మాత్రం గుడ్డిగా వేస్తారు. స్పర్ (పినియన్ తిప్పే పెద్ద గేరు) 86 పళ్ళు, పినియన్ 20, గేర్‌బాక్స్ లోపలి రేషియో 2.72. మొత్తం 11.7. ట్రక్ టైరు చుట్టుకొలత 298 ఎంఎం, అంటే మోటార్ ఒక చుట్టు తిరిగితే బండి 25.5 ఎంఎం వెళ్ళేది. బగ్గీ టైరు చుట్టుకొలత 267, ఇప్పుడు 22.8 వెళ్తోంది. 22 పళ్ళ పినియన్ వేస్తే 25.1. మోటార్ మీద భారం ట్రక్ రోజుల్లో ఉన్నట్టే ఉంటది, స్పీడు తిరిగొస్తుంది. ఇతను 26 వేద్దాం అన్నాడు, మెయిన్ స్ట్రెయిట్‌లో బావుంటది అని. ఇరుకు ట్రాక్‌లో ప్రతి మలుపు దగ్గరా ఆగి మళ్ళీ లాగాలి, బ్రష్డ్ మోటార్ అక్కడే వేడెక్కుతుంది. 22 వేసి, బ్యాటరీ అయ్యాక మోటార్ డబ్బా మీద టెంపరేచర్ చూశాం, నేను పెట్టుకున్న 80 డిగ్రీల గీత లోపలే ఉంది. అక్కడితో ఆపేశాం.

పినియన్ బిగించేటప్పుడు నోట్‌బుక్ కాగితం సన్నగా చించి రెండు గేర్ల మధ్య పెట్టి, మోటార్‌ని దాని మీదకి నొక్కి స్క్రూలు బిగించి, గేరు తిప్పి కాగితం బయటికి తీస్తాను. కాగితం మీద పళ్ళ ముద్రలు పడాలి, చిరగకూడదు.

పల్టీలు

సస్పెన్షన్ కుదిరాక కొత్త సమస్య, గట్టి నేల మీద మలుపులో పల్టీ కొడుతోంది. ఇది రావాల్సిందే. టైరు మధ్య నుంచి మధ్యకి ట్రక్‌లో 265 ఎంఎం, ఇప్పుడు దాదాపు 210. బండి బరువూ, అది ఉండే ఎత్తూ అంతే ఉంటే, మలుపులో బయటి చక్రాల మీదకి వెళ్ళే బరువు నాలుగో వంతు పెరుగుతుంది. మళ్ళీ స్ప్రింగులు గట్టివి వేద్దామా అన్నాడు. వద్దన్నా, గతుకుల కోసం సంపాదించిన మెత్తదనం పోతుంది, వాలడాన్ని వేరే చోట ఆపాలి. ముందు ఛాసీ ఎత్తు 23 ఎంఎంకి దించాం. తర్వాత వెనక క్యాంబర్ లింకు (చక్రం నిలువు వాలుని పట్టి ఉంచే పై లింకు) లోపలి చివరని షాక్ టవర్ మీద కింది రంధ్రంలోకి మార్చాం, అలా చేస్తే రోల్ సెంటర్, అంటే బండి పక్కకి వాలేటప్పుడు తిరిగే బిందువు, పైకొస్తుంది, బండి పక్కకి వాలడం తగ్గుతుంది. ట్రక్‌కి పెట్టిన పాత స్టిక్ ప్యాక్ బ్యాటరీ తీసి పల్చటి లైపో అడుగున పరిచాం. పల్టీలు చాలావరకు ఆగాయి, ఎండిన గట్టి మట్టి మీద స్టీరింగ్ చివరిదాకా తిప్పి ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఇప్పటికీ పడుతుంది, ఏ బగ్గీ అయినా పడుతుంది.

గాల్లో కూడా తేడా ఉంది, డ్రైవర్ అలవాటు మార్చుకోవాల్సింది అక్కడ. ట్రక్‌కి పెద్ద బరువైన టైర్లు, గాల్లో బ్రేక్ వేస్తే ముక్కు టక్కున దిగుతుంది, థ్రాటిల్ వేస్తే లేస్తుంది. బగ్గీ టైర్లు తేలిక, అదే బ్రేక్‌కి ముక్కు నెమ్మదిగా దిగుతుంది. కాబట్టి జంప్ ఎక్కకముందే థ్రాటిల్ సరిగ్గా పట్టుకోవాలి, ఎక్కాక సరిదిద్దుకుందాం అంటే కుదరదు. వెనక వింగ్ పెట్టాక కాస్త నిలకడ వచ్చింది.

మళ్ళీ ఇలాంటి బండి వస్తే

ముందు అడిగేది, అదే ఛాసీ మీద కంపెనీ బగ్గీ ఉందా అని. లేదంటే ఆ పని తీసుకోను, ఎందుకంటే ఆర్మ్, షాఫ్ట్ రెండూ కుదరకుండా మిగతావి ఎంత చేసినా వృథా. ఉంటే ఆర్మ్, షాఫ్ట్, టర్న్‌బకిల్ ఒకే ఆర్డర్‌లో తెప్పిస్తా, విడివిడిగా తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ రెండుసార్లు. బాడీ, వింగ్ చివర్లో. స్ప్రింగులు లేకుండా చేత్తో ఆర్మ్ మొత్తం కదలిక చూడకుండా బ్యాటరీ కనెక్ట్ చెయ్యను. షాక్ కింది చివర, చక్రం మధ్య, ఈ రెండు దూరాలు మార్పుకి ముందూ తర్వాతా కొలిచి రాసుకుంటా, స్ప్రింగ్ ఎంచుకోవడం అప్పుడు ఊహ కాదు, లెక్క.

ట్రక్ పార్ట్‌లన్నీ కవర్లో పెట్టి ఏది ఏ వైపుదో రాసి అతనికే ఇచ్చేశా. ప్రస్తుతానికి మిగిలింది ఒక్కటి, వాన పడ్డాక ఎర్రమట్టి జారుగా ఉన్నప్పుడు బండి ముందు భాగం తిరగకుండా సూటిగా పోతోంది. బరువంతా వెనక ఉన్న బండి కదా, సన్నటి రిబ్ (చుట్టూ గీతల) టైర్లకి ముందు పట్టు చాలట్లేదు. ఫ్రంట్ బల్క్‌హెడ్ (ముందు ఆర్మ్‌లు బిగించే దిమ్మ) కింద బరువు కోసం చిన్న ఇత్తడి ముక్క పెట్టి ఒకసారి, పిన్ (చిన్న ముళ్ళ) టైర్లు వేసి ఇంకోసారి చూడబోతున్నాం, రెండూ ఒకేసారి మార్చం.